నికనోర్ పంపిన ఆరంకెలు

తెల్లవారుజామున వచ్చిన కలలో నికనోర్ పడవ అంచున కూర్చుని కాళ్ళు నీళ్ళలో ఆడిస్తున్నాడు. పోయి రెండేళ్ళయినా మనిషి కాస్త ఒళ్ళు చేశాడు. సముద్రం పాలు పోసినట్టు తెల్లగా, చప్పుడు లేకుండా ఉంది. పడవ కింద చేపలకు బదులు మేఘాలు ఈదుతున్నాయి. వాటిలో ఒకటి నికనోర్ మడమను వాసన చూసి పోయింది.

"ఏమయ్యా, ఊరికే కాళ్ళాడించడమేనా, నంబరేమైనా చెప్పేదుందా?" అని ఒడ్డు మీంచి అరిచింది ఎవుఫేమియా.

సమనా అఖాతం ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో, పోయినవాళ్ళు కలలోకి వస్తే చేసే పలకరింపు అదే. బాగున్నావా, అక్కడ తిండి సరిగ్గా పెడుతున్నారా అన్నవి తర్వాత. ముందు నంబరు.

"చెబితే నువ్వు గుర్తుంచుకోవు ఫెమియా. పోయినసారి నేను చెప్పింది తిరగేసి ఆడావు. ఈసారి రాసి పంపిస్తాలే."

"నీకు రాయడమెప్పుడొచ్చింది?"

"ఇక్కడ ఖాళీయే కదా. నేర్చుకున్నాను." నికనోర్ పడవని ఒక్క తోపు తోశాడు. అది నీళ్ళ మీద కాకుండా కొంచెం పైనుంచి పోయింది. పోతూ పోతూ వెనక్కి తిరిగి, "ఒకటే మాట. ఎవరడిగినా చెప్పకు!" అన్నాడు.

ఫెమియా లేచి కూర్చునేసరికి కిటికీలో వెలుగు ఇంకా నీలంగానే ఉంది. పక్కింటి పుంజు గొంతు సవరించుకుంటోంది. ఆమె మంచం దిగి, కాఫీ కూజాని పొయ్యి మీద పెట్టి, దానికి కల మొత్తం చెప్పింది. కూజా బుసబుసమంది. దానికి చెబితే తప్పు లేదు, ఎవరికీ మోయదు.

ఎందుకంటే ఆ ఊళ్ళో కలను పదిమందికి చెప్పొచ్చు, దానిలోంచి తీసిన నంబరును మాత్రం లాటరీ టికెట్ కొనేదాకా ఒక్కరికీ చెప్పకూడదు. నోటి మీదికి వచ్చిన నంబరు ఆవిరైపోతుంది. టికెట్ చేతికొచ్చాక కావాలంటే చర్చి గంట కొట్టి చెప్పుకో. సున్నా సున్నా నుంచి తొంభై తొమ్మిది దాకా నంబర్లు, ఒక్కోటీ రెండంకెలు. అలాంటివి మూడు కలిపి ఆడి, మూడూ తగిలితే ఇంటి మీద రేకులు తీసేసి శ్లాబు వేయించుకోవచ్చు. ఊళ్ళో శ్లాబు ఇళ్ళు నాలుగే. రేకుల ఇళ్ళలో కలలకి మాత్రం లోటు లేదు.

కాఫీ పొంగుతుండగానే చాగో వచ్చాడు. నికనోర్ తమ్ముడు. మోటారుసైకిల్ మీద జనాన్ని ఎక్కించుకుని ఊరూ రేవూ తిప్పుతుంటాడు. ఫెమియా ఆ ఇంటి కోడలై వచ్చినప్పుడు పన్నెండేళ్ళవాడు. ఇప్పుడు యాభై ఎనిమిది. మధ్యలో పెరిగింది పొట్టొక్కటే.

"వదినా, మొహం వెలిగిపోతోంది. అన్నయ్య వచ్చాడా?"

"వచ్చాడు."

"ఏమన్నాడు?"

"నీకు కాఫీ పొయ్యొద్దన్నాడు."

"అలా అనడు. మా అన్న దేవుడు." చాగో తనే గ్లాసు తీసుకుని పోసుకున్నాడు. "నంబరెంతో చెప్పు, ఇద్దరం ఆడదాం."

"చెప్పడానికి నాకేం పిచ్చా? నీ నోట్లో నువ్వుగింజ నానదు."

చాగో నోటి సంగతి ఊరందరికీ తెలుసు. పోయిన ఈస్టరుకి ఎవరి ఫోనో అరువు తీసుకుని ఫెమియాకి మెసేజ్ పెట్టాడు: అభినందనలు, మీకు రెండు తలుపుల ఫ్రిజ్ తగిలింది, స్థలం ఖాళీ చేసి ఉంచుకోండి అని. పాపం ఆవిడ పాత ఫ్రిజ్‌ని నలుగురి చేత పెరట్లోకి మోయించింది. మెడలో ముత్యాల దండ వేసుకుని వరండాలో కూర్చుంది. మధ్యాహ్నం దాకా రాలేదు ఫ్రిజ్, వాన మాత్రం వచ్చింది. తడిసిన ఆ పాత ఫ్రిజ్‌ని చాగో మూడు రోజులు విప్పి బిగించాడు. ఇప్పటికీ అది రాత్రిళ్ళు ఆవులా అరుస్తుంది. అప్పట్నుంచీ ఫోన్‌లో ఏ వింత మెసేజ్ వచ్చినా ఫెమియా చీపురు తీసుకుని ముందు చాగోనే వెతుకుతుంది.

"నవ్వులాట కాదు గానీ వదినా," అన్నాడు చాగో గ్లాసు దించి, "చర్చిలో పాటలు పాడే ఇమెల్దా లేదూ? ఆవిడ ఫోన్‌కి ఆరంకెల కోడ్ వచ్చిందట. ఎవడో చుట్టంలా మెసేజ్ పెట్టి అది అడిగాడట. ఇచ్చేసింది. అంతే. ఫోన్‌లో ఆ మెసేజ్‌ల పచ్చ బొమ్మ నొక్కితే తెరుచుకోవడం లేదు. ఆ కోడ్ ఇంటి తాళంచెవి లాంటిది వదినా. ఇచ్చావా, నిన్ను వీధిలోకి తోసి వాడు లోపల గొళ్ళెం పెట్టుకుంటాడు. ఆపైన నీ ఇంట్లోనే కూర్చుని నీ పేరుతో అందర్నీ డబ్బులడుగుతాడు."

"అయ్యో. ఇమెల్దా ఏం చేస్తోంది?"

"ఏడుస్తోంది. వాళ్ళమ్మ ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయట."

ఫెమియా చాగో మొహాన్ని కింద నుంచి పైదాకా చూసింది. "ఆ కోడ్ అడిగిన చుట్టం నువ్వేనా?"

"ఛ, వదినా!"

"నీ కథలకి నా దగ్గర టికెట్ లేదు పో. ఫ్రిజ్ ఇంకా రాలేదు నాకు."

చాగో నెత్తి గోక్కుంటూ వెళ్ళాడు. జీవితంలో ఒక్క నిజం చెబుదామని వస్తే ఇదీ మర్యాద.

పదకొండు దాటాక కరెంటు పోయింది. ఫ్యాను ఇంకో నాలుగు చుట్లు తిరిగి, తిరగనా వద్దా అని ఆలోచించి ఆగింది. వీధి మొత్తం ఒక్కసారి మూగబోయింది. రేకుల మీద ఎండ టిక్కు టిక్కుమంటోంది. దూరంగా సముద్రం ఉన్నచోట సముద్రం లేదు, వెలుతురే ఉంది. ఫెమియా వరండాలో ఊగే కుర్చీలో కూర్చుని ఫోన్‌లో పచ్చ బొమ్మ నొక్కింది.

అందులో నికనోర్ గొంతు ఉంది. పదకొండు ముక్కలు. మనిషికి రాయడం రాదు కాబట్టి ఏదున్నా మాట్లాడి పంపేవాడు. ప్రేమ మాటలేమీ లేవు. ఒకదాంట్లో వలకి చిరుగు పడిందని తిట్లు. ఒకదాంట్లో పూర్తిగా గాలి, చివర తుమ్ము. ఫెమియాకి అన్నిట్లోకీ ఇష్టమైంది ఆరోది. సంతలోంచి పంపింది: "ఫెమియా, అరటికాయలు పచ్చివి తేనా, పండినవి తేనా? తొందరగా చెప్పు, ఇక్కడ ఒకావిడ నా కాలు తొక్కుతోంది." ఆ రోజు ఆమె బట్టలుతుకుతూ జవాబు చెప్పలేదు. ఆయన రెండూ తెచ్చాడు.

నికనోర్‌కి ఫొటోలంటే పడదు. ఉన్న ఒక్క ఫొటోలోనూ కళ్ళు మూసుకున్నాడు. ఇక మిగిలిందల్లా ఆ పదకొండే. ఫెమియా రోజుకొకటి వింటుంది, రెండు వినదు. అరిగిపోతాయేమోనని.

ఆ రోజు వంతు తుమ్ముది. అది విని, కళ్ళు మూసుకుని, కుర్చీ ఊపుతూ సగం నిద్రలోకి జారింది. పడవ మళ్ళీ కనిపించబోతోంది. అప్పుడు ఫోన్ టింగుమంది.

కళ్ళజోడు లోపల ఉంది. ఫోన్‌ని చేయి చాచినంత దూరం పెట్టి చూసింది. అంకెలు మాత్రం పెద్దగా కనిపించాయి.

270-861.

మిగతా అక్షరాలన్నీ ఆ అంకెల చుట్టూ మూగిన ఈగల్లా ఉన్నాయి. కళ్ళు చికిలించి చివరి వాక్యం మాత్రం కూడబలుక్కుంది: ఎవరికీ చెప్పకండి.

ఫెమియా కుర్చీ ఊగడం మానేసింది.

రాసి పంపిస్తానన్నాడు. పంపించాడు. ఎవరికీ చెప్పకు అన్నాడు. అదీ రాశాడు, పైగా మర్యాదగా. పైకెళ్ళాక మనిషికి పద్ధతులొచ్చాయి.

ఇరవై ఏడు, సున్నా ఎనిమిది, అరవై ఒకటి. ఇరవై ఏడు నికనోర్ పడవ మీది అంకె. అది ఇరవై ఒకటేమో కూడా, రంగు సగం పోయింది గానీ, చుక్కాని పట్టినవాడికి తెలియదా? అరవై ఒకటి ఆయన పోయిన వయసు. ఎనిమిది? ఎనిమిది... ఆఁ, పెళ్ళి ఎనిమిదో నెలలో! కలపాలని కూర్చుంటే కొబ్బరికాయకీ చందమామకీ కూడా చుట్టరికం కలుస్తుంది. ఫెమియా కళ్ళనీళ్ళు తుడుచుకుని, చెప్పుల కోసం కాలితో వెతుక్కుంది. డ్రా పన్నెండున్నరకి.

మళ్ళీ టింగుమంది. ఈసారి సోయ్లా. తల మీద కొబ్బరి రొట్టెల తట్టతో నవ్వుతున్న ఆమె ఫొటో, దాని పక్కన అక్షరాలు. ఫెమియా లోపలికెళ్ళి కళ్ళజోడు తెచ్చుకుని చదివింది.

"హలో, ఎలా ఉన్నారు? పొరపాటున ఆరు అంకెలు మీ ఫోన్‌కి పంపాను. దయచేసి వెంటనే నాకు పంపించగలరు."

సోయ్లా అంటే పరాయి మనిషి కాదు. ఫెమియా కూతురి జ్ఞానస్నానం రోజు బిడ్డని ఎత్తుకుని జ్ఞానతల్లిగా నిలబడింది. ఆ వీధిలో అంతకన్నా దగ్గరి చుట్టరికం లేదు. అయినా ఫెమియా గుండెల్లో మొదట పుట్టింది ప్రేమ కాదు, అనుమానం. నా మొగుడు నాకు ఆరంకెలు పంపిన సంగతి దీనికెలా తెలిసింది?

ఏడేళ్ళ కింద ఒకసారి కలలో మేక కనిపించింది. ఫెమియా నోరు జారి నంబరు సోయ్లాకి చెప్పింది. సోయ్లా పరిగెత్తుకెళ్ళి ముందు తను ఆడింది. ఆవిరి! ఇద్దరికీ తగల్లేదు. నెల్లాళ్ళు మాటల్లేవు.

ఫెమియా మైకు బొమ్మ నొక్కి పట్టుకుంది. "ఒసేయ్ సోయ్లా! నీది ముక్కా, వేటకుక్క ముక్కా? నా మొగుడు నాకు పంపుకుంటే మధ్యలో నీకెందుకే?"

అవతలివాడు ఏ ఊళ్ళో, ఏ గదిలో కూర్చున్నాడో గానీ, కాసేపు తల పట్టుకునే ఉంటాడు. తర్వాత జవాబొచ్చింది. "అర్థం కాలేదు. చాలా అర్జెంట్. ఐదు నిమిషాల్లో పంపాలి."

"ఐదు నిమిషాలేంటే, డ్రా పన్నెండున్నరకైతే!"

"నేను ఆస్పత్రిలో ఉన్నాను. మందులకి డబ్బు తీయాలి. ఆ ఆరు అంకెలు లేకపోతే కుదరదు. మీరే నాకు దిక్కు."

ఫెమియాకి ఎండ ఒక్కసారి చల్లబడినట్టనిపించింది. నికనోర్ పోయినప్పుడు తొమ్మిది రోజులూ ప్రార్థనకి వచ్చిన జనానికి అల్లం టీ కాచింది సోయ్లానే. చివరి రాత్రి ఇల్లంతా కడిగింది కూడా. అలాంటి మనిషి ఆస్పత్రిలో ఉండి అడుగుతుంటే నంబరు దాచుకుంటుందా? ఒక్కో అంకే నొక్కింది. రెండు. ఏడు. సున్నా. ఎనిమిది.

అక్కడ వేలు ఆగింది.

ఎవరడిగినా చెప్పకు.

అడిగింది సోయ్లా అయినా? ఎవరడిగినా అన్నాడు మరి. పంపితే నికనోర్ పంపింది ఆవిరైపోతుంది. పంపకపోతే సోయ్లా మందులు ఆగిపోతాయి. ఫెమియా తూర్పుకీ పడమరకీ ఊగే కుర్చీలా కొంచెంసేపు ఊగింది. ఆ తర్వాత ఆ ఊరివాళ్ళకి మాత్రమే తట్టే ఉపాయం తట్టింది. ముందు టికెట్ కొనేస్తే సరి! కొన్నాక చెబితే ఆవిరి కాదు. లాటరీ కొట్టు నాలుగిళ్ళ అవతలే.

"ఓర్చుకోవే తల్లీ, ఇదిగో టికెట్ కొట్టించుకుని మొత్తం పంపేస్తా. ప్రాణం గట్టిగా పట్టుకో!" అని చెప్పి, ముత్యాల దండ లేకుండానే ఎండలోకి దూకింది.

వీధిలో గాలి కూడా నిద్రపోతోంది. ఇళ్ళ నీలం గోడలూ, గులాబీ గోడలూ ఎండలో కరిగి ఒకదాంట్లోకి ఒకటి కారుతున్నట్టున్నాయి. కాళ్ళు నడుస్తున్నాయి గానీ, తను తెల్లటి నీళ్ళ మీద, కొంచెం పైనుంచి పోతున్నట్టుంది ఫెమియాకి. చేతిలో ఫోన్ మాత్రం టింగు టింగుమంటూనే ఉంది. "వద్దు." "ఇప్పుడే." "టికెట్ తర్వాత." "దయచేసి." "అంకెలు."

కొట్టు ముందు బాదం చెట్టు నీడలో చాగో ఇంకో ముగ్గురితో డామినోలు ఆడుతున్నాడు. కిటికీలో యోకాస్తా కాగితంతో విసురుకుంటోంది. కొట్టు నడిపే పిల్ల.

"కరెంటు లేదు ఆంటీ. మిషన్ ముద్ర కొట్టదు. కూర్చోండి, వస్తుంది."

"ఎప్పుడొస్తుందే? అక్కడ సోయ్లా ఆస్పత్రిలో..."

"నేనెక్కడున్నానన్నావు?"

మలుపు తిరిగి సోయ్లా వస్తోంది. తల మీద రొట్టెల తట్ట, రెండు చేతులూ తట్ట అంచులకి. చెమటతో నిగనిగలాడుతోంది. పోతున్న ప్రాణానికి గుర్తులేమీ కనపడ్డం లేదు.

ఫెమియా నోరు తెరిచింది. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండగా చేతిలో ఫోన్ టింగుమంది. సోయ్లా ఫొటో. "మీరు పంపుతున్నారా లేదా?"

ఫెమియా ఫొటో వంక చూసింది. మనిషి వంక చూసింది. ఇద్దరి తల మీదా తట్ట ఉంది. ఇద్దరిలో ఒకరి చేతులు మాత్రం ఖాళీగా లేవు.

"సోయ్లా, నువ్వు నాకు ఇప్పుడు మెసేజ్ పెట్టావా?"

"దేంతో పెట్టనే, ముక్కుతోనా? పొద్దుట్నుంచీ ఆ పచ్చ బొమ్మ నాకు తెరుచుకుంటేగా! మా అక్క కొడుకు ఏదో కోడ్ అడిగాడు, ఇచ్చాను. అప్పట్నుంచీ నీ నంబరు సరిచూడాలి, సరిచూడాలి అంటోంది దిక్కుమాలిన ఫోను."

కలలోంచి మెల్లగా లేస్తే ఎలా ఉంటుందో అలా ఉంది ఫెమియాకి. ఒక్కొక్కటీ కళ్ళముందు నిలబడుతోంది. సోయ్లా జన్మలో ఒక్క ముక్క రాసి పంపలేదు. అరటితొక్క మీద జారినా మాట్లాడే పంపుతుంది. ఆ మాటల్లో ముందు ఒసేయ్ ఉంటుంది, తర్వాత ఫెమియా మోకాలు ఎలా ఉందన్న ప్రశ్న ఉంటుంది. ఈ రాసేవాడు మోకాలి ఊసే ఎత్తలేదు. తొందర, తొందర, అంతే.

అలవాటు కొద్దీ ఆమె కళ్ళు చాగో మీదికి తిరిగాయి. "ఒరేయ్, నీ పనేనా?"

"నేను కాదు వదినా. అమ్మ మీద ఒట్టు."

"అమ్మ మీద నువ్వు నలభైసార్లు ఒట్టేశావు. నలభైసార్లూ అబద్ధమే."

చాగో చేతిలో డామినో బిళ్ళ బల్ల మీద పెట్టేశాడు. మొహంలో నవ్వు లేదు. నవ్వు లేకపోతే వాడు అచ్చం నికనోర్‌లా ఉంటాడని ఫెమియా ఆ రోజే గమనించింది.

"అన్న మీద ఒట్టు," అన్నాడు.

ఆ ఒట్టు వాడెప్పుడూ వేయలేదు.

"పొద్దున నేను చెప్పింది ఇదే వదినా. సోయ్లా ఇంట్లోకి దూరినవాడు ఇప్పుడు నీ తలుపు కొడుతున్నాడు. ఆరూ పంపేశావా?"

ఫెమియా ఫోన్ చూపించింది. రాసే చోట నాలుగంకెలు అలాగే ఉన్నాయి. 2708. ఇంకో రెండు నొక్కి బాణం నొక్కితే... వల చిరుగూ, గాలీ, తుమ్మూ, సంతలో అరటికాయలూ అన్నీ గొళ్ళెం వెనక్కి. చాగో కుర్చీ లాగాడు. ఆమె కూర్చుని, ఒక్కొక్క అంకే తుడిపేసింది. ఎనిమిది. సున్నా. ఏడు. రెండు.

"వాడికి తప్పు అంకెలు పంపి ఆడిద్దామా?" అన్నాడు డామినోలు ఆడేవాళ్ళలో ఒకడు ఉత్సాహంగా.

"వద్దు," అన్నాడు చాగో. చెట్టు మీది పిట్టలు కూడా ఆశ్చర్యపోయి ఉంటాయి. "నేను ఆడేది మనవాళ్ళతో. దొంగతో మాట కలిపితే ఇంకో సందు వెతుక్కుంటాడు. నోరు మూసెయ్ వదినా, అంతే." అని తనే చూపిస్తూ సోయ్లా ఫొటో కింద ఆపే బొమ్మ నొక్కించాడు. టింగు టింగులు ఆగిపోయాయి. ఆ మూయించింది తన నోరే అయినట్టు సోయ్లా మూతి ముడుచుకుంది.

అంతలోనే గుండె బాదుకుంది. "అయ్యో, నా పేరుతో ఇంకెంతమందిని అడిగాడో! మా చెల్లి వెర్రిబాగుల్ది, ఇచ్చేస్తుంది!"

చాగో అప్పటికే బండి తన్నాడు. నాలుగో తాపుకి లేచింది. "ఇల్లిల్లూ తిరిగి చెప్పేస్తా."

"నువ్వు చెబితే ఎవడు నమ్ముతాడురా?" అంది ఫెమియా.

నిజమే. చివరికి సోయ్లా నిట్టూర్చి, గౌను కాస్త పైకి దోపుకుని, తట్ట తలమీదే ఉంచుకుని వెనక సీటెక్కింది. బండి కదిలింది. "అది నేను కాదర్రా! డబ్బులడిగేది నేను కాదు! నేనిక్కడ బతికే ఉన్నాను, ఆస్పత్రీ లేదు గీస్పత్రీ లేదు! కోడ్ ఎవరడిగినా ఇవ్వకండి, మీ అమ్మ అడిగినా ఇవ్వకండి! వేడి కొబ్బరి రొట్టె!" అని అరుస్తూ ఎండలో కలిసిపోయింది. తట్ట ఒక్క పక్కకీ ఒరగలేదు.

పన్నెండుంబావుకి కరెంటొచ్చింది. వీధి పొడవునా, ఇల్లిల్లూ, పెద్దలూ పిల్లలూ "వచ్చింది!" అని ఒకే కేక పెట్టారు. యోకాస్తా మిషన్ కుయ్యిమంది.

"చెప్పండి ఆంటీ, ఏం ఆడతారు?"

ఫెమియా కాసేపు ఆలోచించింది. అవి దొంగ తలుపు కొట్టిన చప్పుళ్ళని ఇప్పుడు తెలుసు. కానీ రాసి పంపిస్తానన్నది నికనోర్. చెప్పకు అన్నదీ నికనోర్. ఆయన మాట వినకపోతే ఆమె ఇప్పుడిక్కడ ఇలా కూర్చుని ఉండేది కాదు. కిటికీ మీదికి వంగి, యోకాస్తా చెవిలో గుసగుసగా చెప్పి, ఇరవై అయిదు పెసోలు ఇచ్చింది.

డ్రాలో ఇరవై ఏడు రాలేదు. ఎనిమిదీ రాలేదు. అరవై ఒకటికి బదులు పదహారు వచ్చింది. "తిరగేసి పంపాడు, వెధవ ముండాకొడుకు," అని ప్రేమగా తిట్టుకుని టికెట్‌ని కాఫీ పొడి డబ్బాలో మిగతావాటితో దాచింది.

ఎండ వాలాక చాగో, సోయ్లా వచ్చారు. చెల్లి డబ్బు పంపబోతుంటే గుమ్మంలో పట్టుకున్నారట. ఇమెల్దా మేనల్లుడు కూర్చుని సోయ్లా తలుపు తిరిగి ఆమెకి తెరిపిస్తున్నాడట, పన్నెండు గంటలో ఎంతో ఆగాలట. తట్టలో ఒకే రొట్టె మిగిలింది. మూడు ముక్కలు చేసుకుని వరండాలో కూర్చుని తిన్నారు. అఖాతం మీద వెలుతురు తేనెలా చిక్కబడింది.

"ఇంతకీ అన్నయ్య పంపిన నంబరెంత వదినా? డ్రా అయిపోయిందిగా, చెప్పొచ్చుగా," అన్నాడు చాగో.

"చెప్పను."

"నాకైనా చెప్పవే," అంది సోయ్లా.

"నీకసలే చెప్పను. మేక గుర్తుందిలే."

వాళ్ళు వెళ్ళాక ఫెమియా కుర్చీలో వెనక్కి వాలి పచ్చ బొమ్మ నొక్కింది. తెరుచుకుంది. రోజుకొకటే నియమం ఆ రోజు పక్కన పెట్టి, ఆరోది నొక్కి ఫోన్ చెవికానించుకుంది. సంత గోల. దాని మధ్యలోంచి నికనోర్: "ఫెమియా, అరటికాయలు పచ్చివి తేనా, పండినవి తేనా? తొందరగా చెప్పు..."

"పండినవి," అంది ఫెమియా. "ఆ కాలు తొక్కేదెవరో కూడా చెప్పి పో."